రచయిత లేని సీరియలు

సీరియల్సు గురించి రాయమన్నప్పుడల్లా నాకు ఇబ్బందే. బాగున్నదాన్ని బాగుందంటే, తోటి రచయిత్రి కదా, మొహమాటపడిందంటారు. బాగాలేదంటే అసూయ అంటారు. అందుకని ఈ వారం ఎవరికీ కోపం రాని సీరియలు ఒకటి ఎంచుకున్నాను. దీనికి రచయిత లేడు, దర్శకుడు లేడు, సంభాషణలు అసలే లేవు. పాత్రలు ముచ్చటగా మూడు. ఒక తల్లి, ఒక తండ్రి, ఒక పిల్ల. ముగ్గురూ రాబందులు.

"అదేం పాడు ఎంపికమ్మా!" అని మీరంటున్నట్టు నాకు వినపడుతూనే వుంది. మా అత్తయ్యగారూ ఆ మాటే అన్నారు. రాబందు ఇంటిమీద వాలితే ఇల్లు పాడుపెట్టి, శాంతి చేయించి గానీ తిరిగి అడుగుపెట్టని వంశంలో పుట్టారావిడ. అలాంటిది, నేను దీపాలవేళ రాబందుని ఏకంగా ఇంట్లోకే తెచ్చి, డైనింగ్ టేబులు మీద పచ్చడి జాడీకి ఆనించి నిలబెట్టాను. జాడీకి ఆనింది టాబ్లెట్టేననుకోండి. అందులో కనిపించేది మాత్రం రాబందే.

ఇది జరిగింది 2020లో. కరోనా భయంతో అందరం గడప దాటకుండా కూర్చున్న వేసవి. చదవవలసినవి చదివేశాం, పట్టవలసిన వడియాలు పట్టేశాం. కాలిఫోర్నియాలో బిగ్‌సర్ అనే సముద్రతీరం వుంది. ఒకపక్క పసిఫిక్ మహాసముద్రం, ఒకపక్క నిటారుగా లేచిన కొండలు. ఆ కొండల మీద రెడ్‌వుడ్ అనే మహావృక్షాలు. అలాంటి చెట్టు తొర్రలో గూడు పెట్టిన ఒక జంటని, అక్కడి వెంటానా వైల్డ్‌లైఫ్ సొసైటీవాళ్ళు కెమెరా పెట్టి రాత్రింబవళ్ళు లోకానికి చూపించారు. ఆ పక్షుల్ని కాలిఫోర్నియా కాండోర్లంటారు. అమెరికా ఖండపు రాబందులు. మన రాబందులకి దగ్గరి చుట్టాలు కావుగానీ, చేసే పని ఒకటే. చచ్చిన జంతువుని తిని నేల శుభ్రం చెయ్యటం.

మనకి సాయంత్రం దీపం పెట్టే వేళకి వాళ్ళకి తెల్లవారుతుంది. కనుక ఈ సీరియలు మనకి ప్రైమ్ టైములోనే వస్తుంది. అదొక సదుపాయం.

ముందు కథా నేపథ్యం చెప్పాలి. లేకపోతే ఈ ముగ్గురి విలువ తెలియదు. 1982 నాటికి ప్రపంచం మొత్తంమీద కాలిఫోర్నియా కాండోర్లు 22 మిగిలాయి. మా వీధిలో ఇళ్ళు అంతకన్నా ఎక్కువ. ఇక ఇలా వదిలేస్తే లాభంలేదని, బయట తిరుగుతున్నవాటినన్నిటినీ పట్టి జంతు ప్రదర్శనశాలలకి చేర్చారు. 1987 ఏప్రిల్ 19న చివరిదాన్ని పట్టుకున్నారు. ఆనాటికి మొత్తం లెక్క 27. ఆ రోజు నుంచి ఆకాశంలో ఒక్క కాండోరు కూడా లేదు. తర్వాత జూలలో గుడ్లు పొదిగించి, పిల్లలకి మనుషుల మొహాలు అలవాటు కాకూడదని చేతికి కాండోరు తలలాంటి తొడుగు తొడుక్కుని, ఆ ముక్కుతో మేత పెట్టి పెంచారు. 1992లో మళ్ళీ ఆకాశంలోకి వదలటం మొదలుపెట్టారు. ఇప్పుడు లోపలా బయటా కలిపి ఐదు వందలు దాటాయి. అంటే మనం గూట్లో చూసే ప్రతి పిల్లా ఒక పెద్ద మాట తప్పించుకుని పుట్టిన పిల్ల. "ఇక లేవు" అనే మాట.

ఇక విమర్శకి వస్తాను.

మొదట నచ్చినవి. ఈ కథకి ఎత్తుగడ లేదు, మలుపు లేదు, "సశేషం" దగ్గర ఉత్కంఠ లేదు. గంటలకి గంటలు ఏమీ జరగదు. పిల్ల పడుకుంటుంది. పిల్ల లేస్తుంది. చెక్కపేడు ఒకటి ముక్కుతో పట్టుకుని విసిరేసి, మళ్ళీ తెచ్చుకుంటుంది. ఒంటినిండా బూడిదరంగు నూగు, నల్లటి తల. అందమని అనలేం. అయినా గంటసేపు చూశాక దాని మొహంలో మొహం కనిపించటం మొదలవుతుంది. మాలాంటి నవలాకారులు పదిహేను వర్ణనలతో సాధించలేనిదాన్ని ఈ సీరియలు ఉత్తి ఓపికతో సాధిస్తుంది.

రెండో సుగుణం నిశ్శబ్దం. కాండోర్లకి స్వరపేటిక లేదట. బుసకొట్టటం, చిన్న గుర్రుమనటం తప్ప కూత రాదు. కనుక తల్లి పాత్ర కన్నీళ్ళతో ఉపన్యాసం ఇవ్వదు. తండ్రి పాత్ర "ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదా?" అని అరవదు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆ బోడి తలమీది ఎర్రదనం పెరుగుతుంది, అంతే. మన టీవీ కుటుంబాలకి కూడా భగవంతుడు ఇలాంటి ఏర్పాటు చేసివుంటే ఎంత హాయిగా వుండేది!

మూడోది, మీరు తప్పక మెచ్చుకునేది, పనుల పంపకం. ఈ పక్షి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి. దానికి పుల్లా పుడకా పేర్చిన గూడు కూడా వుండదు, తొర్రలో నేలమీదే. సుమారు రెండు నెలలు పొదగాలి. ఆ రెండు నెలలూ తల్లీ తండ్రీ వంతులేసుకుని కూర్చుంటారు. తల్లి మేతకి వెళితే తండ్రి గుడ్డుమీద, తండ్రి వెళితే తల్లి. పిల్ల పుట్టాక మేత పెట్టటమూ అంతే. పెద్ద పక్షి రాగానే పిల్ల రెక్కలు టపటపలాడిస్తూ దాని నోట్లోకి తల దూర్చేస్తుంది. లోపల దాచి తెచ్చిన మేత పైకి తెచ్చి పెడతారు. చూడటానికి అంత శుభ్రంగా వుండదనుకోండి. మా అత్తయ్యగారు మొదటి రోజు "ఛీ ఛీ" అని మొహం తిప్పుకున్నారు. నాలుగో రోజు వంటింట్లోంచి, "ఏమేవ్, మీ పిల్ల తిందా?" అని అడిగారు. పదో రోజుకి "మీ పిల్ల" కాస్తా "మన పిల్ల" అయింది. "ఆ మగపక్షి ఇవాళ రెండుసార్లొచ్చి పెట్టాడే, మీ మామయ్యగారు ఒక్కనాడు పిల్లాడికి పాలు పట్టిన పాపాన పోలేదు," అన్నది కూడా ఆవిడే. ఏ స్త్రీవాద కథకైనా ఇంతకన్నా మంచి సమీక్ష వస్తుందనుకోను.

ఇంతవరకూ పొగడ్త. ఇక లోపాలు. ఇందులో మొదటి లోపం సీరియలుది కాదు, ప్రేక్షకులది. అందులోనూ ముఖ్యంగా నాది.

ఈ పక్షులకి రెక్కమీద నంబరు బిళ్ళ వుంటుంది. పనిచేసేవాళ్ళకి ఆ నంబరే పేరు. కానీ మనకి నంబరుతో కథ నడవదు కదా! తల్లిని రెడ్‌వుడ్ క్వీన్ అనీ, తండ్రిని కింగ్‌పిన్ అనీ పిలిచారు. పేరు పెట్టటంతో సగం నవల అయిపోయినట్టే. మిగతా సగం నేను పూర్తిచేశాను. పిల్లని వదిలి తల్లి చాలాసేపు రాకపోతే "నిర్దయురాలు" అనుకున్నాను. తండ్రి గూటి అంచున కూర్చుని దూరంగా చూస్తుంటే "ఏదో దిగులు" అనుకున్నాను. దిగులు నాది, లాక్‌డౌన్‌ది. పక్షి బహుశా గాలి ఎటు వీస్తోందో చూస్తోంది. పిల్ల కాస్త పెరిగాక గంటల తరబడి ఒంటరిగా వదలటం వాటి ధర్మం. ఆ ధర్మాన్ని నేను ఇరవయ్యేళ్ళుగా రాస్తున్న కుటుంబ నవలల కొలతబద్దతో కొలిచాను. పక్షుల్ని చూస్తున్నానన్న భ్రమలో నా పుస్తకాలే తిరగేసుకున్నానన్నమాట.

అందుకే ఈ కెమెరా గురించి ఎవరైనా "అబ్బ, తల్లిప్రేమ ఎంత గొప్పది!" అని కళ్ళు తుడుచుకుంటే నాకిప్పుడు కాస్త చిరాకు. అది ప్రేమో కాదో తేల్చే అధికారం మనకి లేదు. కనిపించేది పని. మానకుండా, మెప్పు అడక్కుండా, ఆరు నెలలు తొర్రలోనూ, ఆ తర్వాత పిల్ల ఎగిరాక కూడా చాలా నెలలు చేసే పని. ఆ పనిని పనిగా గౌరవిస్తే చాలదా? ఇళ్ళల్లో మన పనికి "ప్రేమ" అని పేరుపెట్టి లెక్కలోంచి తీసేసినట్టు, పాపం దాని పనినీ తీసెయ్యాలా?

రెండో లోపం పెద్దది. ఇది నిజంగా కెమెరాదే. అది గూటిని మాత్రమే చూస్తుంది.

కాండోరు రెక్కలు చాస్తే తొమ్మిదిన్నర అడుగులు. మేత వెతుక్కుంటూ ఒక్క రోజులో నూట యాభై మైళ్ళయినా తిరగగలదు. ఆ తిరుగుడేదీ మనకి కనిపించదు. పక్షి చట్రంలోంచి బయటికి ఎగిరిపోతుంది, మళ్ళీ చట్రంలోకి దిగుతుంది. మధ్యలో జరిగిందే అసలు కథ. దాని చావు బతుకులు తేలేది అక్కడే.

ఎలాగంటారా? వేటగాడు సీసపు గుండుతో జింకని కొడతాడు. గుండు లోపల చిన్న చిన్న తునకలవుతుంది. పేగులూ అవీ అక్కడే పారేసి మాంసం పట్టుకుపోతాడు. ఆ పారేసినదాన్ని కాండోరు తింటుంది, తునకలతో సహా. సీసం ఒంట్లో చేరితే కడుపు పనిచెయ్యదు, కాళ్ళు నిలవవు, ఎగరలేదు. కారణం తెలిసిన చావుల్లో దాదాపు సగం సీసం వల్లేనని లెక్క. కాలిఫోర్నియాలో 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు గుళ్ళని పూర్తిగా నిషేధించారు. సముద్రపు ఒడ్డున చచ్చిన సీ లయన్లని తిన్న కాండోర్ల ఒంట్లోకి, ఎప్పుడో దశాబ్దాల కిందట సముద్రంలో కలిసిన డీడీటీ చేరి గుడ్డు పెంకులు పలచబడ్డాయి. ఇంకొకటి వింటే మీ మనసు చివుక్కుమంటుంది. ఈ తల్లిదండ్రులు ఎముక ముక్కలనుకునో ఏమో, మనుషులు పారేసిన సీసా మూతలూ గాజు పెంకులూ ఏరుకొచ్చి పిల్లకి తినిపిస్తాయి. కొన్ని పిల్లలు అవి కడుపులో అడ్డుపడి చచ్చిపోయాయి. పెట్టిన చెయ్యి మంచిదే. పెట్టిన ముద్దలో విషం ఎవరిదో ఆలోచించండి.

ఇవేవీ గూటి కెమెరాలో కనిపించవు. ముద్ద కనిపిస్తుంది, ముద్దలో ఏముందో కనిపించదు.

ఇది రాస్తుంటే నాకు మా నవలలే గుర్తొస్తున్నాయి. మేం కూడా కెమెరాని ఇంట్లోనే పెట్టాం. వరండా, వంటిల్లు, పడగ్గది. భర్త పొద్దున్న వెళ్ళి సాయంత్రం మొహం వేలాడేసుకుని వస్తాడు. ఆ మధ్యలో ఫ్యాక్టరీ మూతపడిందా, అప్పులవాడు నిలదీశాడా, మందులేని జబ్బేదైనా అంటుకుందా అన్నది అరపేజీలో తేల్చేసి, మొహం వేలాడేసుకోవటం మీద మాత్రం మూడు వారాలు నడిపిస్తాం. ఇంటికి వచ్చే చావంతా బయటినుంచే వస్తుందని తెలిసి కూడా కెమెరా గుమ్మం దాటదు. కాండోరు గూటిని చూసి, "ఈ దర్శకుడికి బయటి ప్రపంచం అక్కర్లేదా?" అని విసుక్కున్నాను. ఆ విసుగులో సగం నాకూ చెందుతుంది.

ఆఖరికి బయటి ప్రపంచమే గూట్లోకి వచ్చింది.

2020 ఆగస్టు 18న ఆ కొండల్లో నిప్పు పుట్టింది. డోలన్ ఫైర్ అని దానికి పేరు. మనిషి కావాలని అంటించినదేనని 2022లో కోర్టులో రుజువై, అంటించినవాడికి శిక్ష కూడా పడింది. ఆ మంట సొసైటీవాళ్ళ కాండోర్ల ఆశ్రయాన్ని బూడిద చేసి, ఆగస్టు 20 రాత్రి ఈ గూటి దగ్గరికి వచ్చింది. అప్పటికి పిల్లకి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఎగరటం రాదు.

అక్కడ రాత్రంటే మనకి పగలు. ఆగస్టు 21, వినాయక చవితి ముందురోజు. నేను ఆ సమయంలో కుడుముల పిండి సంగతీ, పాలవెల్లి దుమ్ము సంగతీ చూసుకుంటున్నాను. నాలుగు నెలలు కళ్ళు కాయలు కాచేలా చూసినదాన్ని, ఆ ఒక్క గంటా చూడలేదు. ప్రత్యక్ష ప్రసారం గొప్పతనం ఇంతే! రికార్డు చేసింది సాయంత్రం చూశాను.

చీకట్లో చూసే కెమెరా కనుక అంతా నలుపూ తెలుపూ. పిల్ల తొర్రలో మేలుకుని వుంది. తల అటూ ఇటూ తిప్పుతోంది. బయట వెలుగు పెరుగుతోంది. తెల్లవారే వెలుగు కాదది. నిప్పురవ్వలు చినుకుల్లా పడుతున్నాయి. పిల్ల లోపలికి జరిగింది. తర్వాత తెల్లటి మంట. తర్వాత ఏమీ లేదు. కెమెరా కాలిపోయింది.

అత్తయ్యగారు నా పక్కనే వున్నారు. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, మర్నాటికి తరుగుతున్న కొబ్బరి మళ్ళీ తరగటం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఆ కెమెరా పెట్టినవాళ్ళు వెళ్ళి దాన్ని తీసుకురాలేకపోయారుటే?" అని అడిగారు.

ఈ ప్రశ్నే ఈ సీరియలు మీద రావలసిన అసలు విమర్శ. చూడటానికి దారి వుంది, వెళ్ళటానికి దారి లేదు. చూసి ఏం చేస్తాం? కాలిపోతున్న ఇంటి కిటికీలోంచి లోపలికి చూస్తూ నిలబడటం తప్ప? అలాంటి చూపుని మన పల్లెల్లో ఏమంటారో మీకు తెలుసు. నేను రెండు రోజులు టాబ్లెట్టు తెరవలేదు. ఇక ఇలాంటివి చూడకూడదనీ, ఎవరైనా అడిగితే చూడొద్దనే చెప్పాలనీ అనుకున్నాను.

తర్వాత నా అభిప్రాయం మార్చుకున్నాను. ఎందుకో చెబుతాను.

మంటలు తగ్గి మనుషులు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి పిల్ల బతికే వుంది! రెడ్‌వుడ్ చెట్టు బెరడు మందం, అంత తొందరగా కాలదు. అసలు ఇలాంటి తొర్రలు చాలావరకు పూర్వం వచ్చిన మంటలు తొలిచినవేనట. నిప్పు కట్టిన ఇంట్లో నిప్పుని తప్పించుకుంది. ఇనికో అని పేరు పెట్టారు. కష్టకాలంలో పుట్టిన బిడ్డ అని అర్థమట. తండ్రి మాత్రం ఆ రాత్రి తర్వాత కనిపించలేదు. ఆ మంటల్లో పదికి పైగా కాండోర్లు పోయాయి. తల్లి ఒక్కతే మేత తెచ్చిపెట్టింది. కొన్ని వారాలకి పిల్ల గూట్లోంచి పడి కాలికి దెబ్బ తగిలితే, లాస్ ఏంజిలెస్ జూకి తీసుకెళ్ళి చికిత్స చేసి, 2021 చివర్లో మళ్ళీ ఆకాశంలోకి వదిలారు.

సుఖాంతం అయింది కనుక మెత్తబడ్డాననుకునేరు. కాదు. నన్ను మార్చింది ఆ పిల్ల కథ కాదు, ఏ కెమెరా చూడని మరో కథ. మనది.

నా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరి పొలిమేరలో, చచ్చిన గొడ్డుని పడేసేచోట, రాబందులు పెద్దమనుషుల పంచాయితీలా గుండ్రంగా కూర్చునేవి. వాటిని చూసి భయపడి పరిగెత్తటం గుర్తుంది. అవి లేకుండా పోవటం మాత్రం గుర్తులేదు. ఆలోచించండి, మీకెవరికైనా గుర్తుందా? 1980ల్లో మన దేశంలో కోట్లలో వుండేవని అంచనా. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. పొడవుముక్కువి నూటికి తొంభై ఏడు దాకా పోయాయి. రోగమనుకున్నారు, తిండిలేక అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది. డైక్లోఫెనాక్. మోకాళ్ళ నొప్పికి మనమూ వేసుకునే మందే. జబ్బుపడిన పశువుకి ఇస్తే, అది చచ్చాక ఆ మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు చెడి, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. పశువులకి వాడకూడదని 2006లో నిషేధించారు. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. రాబందులు లేని చోట కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగి, నీళ్ళు పాడై, 2000 నుంచి 2005 లోపల సుమారు ఐదు లక్షల మంది మనుషులు అదనంగా చచ్చిపోయి వుంటారని 2024లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఒక్క పిల్ల తొర్రలో చిక్కుకుంటే ఎక్కడో తెలుగింట్లో కొబ్బరి తరిగే ముసలావిడ చెయ్యి వణికింది. ఎందుకంటే చూసింది కనుక. మన కోట్ల రాబందులు మన ఇళ్ళ వెనకే పోతే ఎవరి చెయ్యీ వణకలేదు. చూడలేదు కనుక. చూసినంత మాత్రాన రక్షించలేం, నిజమే. కానీ చూడనిదాన్ని పోగొట్టుకున్నామని కూడా తెలుసుకోలేం. అందుకని, ఇన్ని లోపాలు చెప్పి కూడా, ఈ సీరియల్ని చూడమనే అంటాను. చూసేటప్పుడు మాత్రం చట్రం అంచు మీద కన్నేసి వుంచండి. పక్షి ఎగిరిపోయాక గూటిని చూస్తూ కూర్చోకుండా, ఎటు వెళ్ళిందో ఆలోచించండి.

మన దగ్గర ఆశ పూర్తిగా పోలేదు. 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయని చదివినప్పుడు, ఊరెళ్ళిపోయిన పెద్దదిక్కు తిరిగొచ్చినట్టనిపించింది.

పెద్దదిక్కు అని ఊరికే అనలేదు. మన సాహిత్యంలో రాబందుకి మొదట్లో వున్న స్థానం అదే. సీతమ్మని ఎత్తుకుపోతుంటే అడ్డం వెళ్ళింది జటాయువు. లంకలో వుందని దారి చెప్పింది సంపాతి. హితోపదేశంలో జరద్గవమనే ముసలి రాబందు వుంది. కళ్ళు కనిపించవు, చెట్టు తొర్రలో వుంటుంది. తల్లిపక్షులు మేతకి వెళితే పిల్లలకి కాపలా కాస్తుంది, దానికి జీతంగా తలా కాస్త తిండి పెడతాయి. పిల్లి ఒకటి తీయగా మాట్లాడి చేరి, పిల్లల్ని తినేసి, బొమికలు తొర్రలో పడేసి పోతుంది. పక్షులు బొమికలు చూసి రాబందునే అనుమానించి పొడిచి చంపేస్తాయి. చిన్నప్పుడు ఈ కథ నీతి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చోటివ్వకూడదని చెప్పారు. ఇప్పుడు నాకు వేరే నీతి కనిపిస్తోంది. పాపం పిల్లిది, పేరు రాబందుది.

ఈ పిల్లి పని మేమే చేశాం, ఆధునిక రచయితలం. వడ్డీవ్యాపారి రాబందు. లంచగొండి రాబందు. కట్నం అడిగే అత్తగారు రాబందు. బతికున్నవాళ్ళని పీక్కుతినేవాళ్ళందరికీ, బతికున్నదాని జోలికి దాదాపుగా పోని పక్షి పేరు పెట్టాం. తిన్నాక తలని నేలకీ రాళ్ళకీ రుద్ది శుభ్రం చేసుకుని, నీళ్ళు దొరికితే స్నానం చేసే ప్రాణి కాండోరు. అంత శుభ్రత మా నవలల్లో ఏ విలన్‌కి వుంది?

ఇంత మాట అన్నాక నా సంగతి కూడా చెప్పాలి. పదిహేనేళ్ళ క్రితం నేను రాసిన నవల ఒకటి మళ్ళీ అచ్చుకి వెళుతూ, పోయిన నెల ప్రూఫులొచ్చాయి. అందులో పెద్దాయన పోయిన పదకొండోరోజు, ఆస్తికోసం చేరినవాళ్ళ గురించి ఒక వాక్యం. "పీనుగ ఇల్లు దాటకముందే లెక్కలేసుకున్నవాళ్ళంతా రాబందుల్లా వాలారు." అప్పట్లో ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఎర్ర పెన్ను పట్టుకుని దానిముందు అరగంట కూర్చున్నాను. తోడేళ్ళు అందామంటే వాటికీ ఎక్కడో కెమెరా వుండేవుంటుంది. జలగలు అందామంటే, రేపు ఎవరో జలగ సంసారం చూపిస్తారు.

అత్తయ్యగారికి చదివి వినిపించి, "ఏం చెయ్యమంటారత్తయ్యా?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ప్రూఫు కాగితం చేతిలోకి తీసుకున్నారు. వాక్యం మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివారు.

"దీనికింత ఆలోచనెందుకే? మొదట్లో 'రా' కొట్టెయ్. 'ద'కి ఒత్తు పెట్టి, పక్కన 'వు' చేర్చు. బంధువుల్లా వాలారు. సరిపోతుంది," అన్నారు.

అలాగే దిద్ది పంపించాను.